చుట్టాలు లేని రాక్షసుడు

పోయిన దీపావళికి బెంగళూరులో మా అక్క మనవడి ఇంట్లో ఒక సాయంత్రం గడపవలసి వచ్చింది. హాలు మధ్య బల్ల, దాని చుట్టూ ఆరుగురు పిల్లలు. పిల్లలంటే అందరూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళే. బల్ల మీద ఏదో కల్పిత దేశపు పటం, గ్లాసుల్లో టీ, గుప్పెడు రంగురాళ్ళలాంటి పాచికలు. పాచికకు ఆరు ముఖాలే ఉంటాయని ఇన్నేళ్ళుగా నమ్ముకున్న నా చేతిలో ఇరవై ముఖాల పాచిక ఒకటి పెట్టి, "నువ్వూ కూర్చో తాతా" అన్నాడు మావాడు. పక్కనున్న కన్నడ అమ్మాయి "అజ్జా, ఇల్లి బన్ని" అని జరిగి చోటిచ్చింది. అరవ కుర్రవాడు మాత్రం "అంకుల్" దగ్గరే ఆగిపోయాడు.

ఆట ఏమిటో పాఠకులకు రెండు మాటల్లో చెప్పాలి. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్రను ఎత్తుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో నోటితో చెబుతారు. చేయబోయిన పని ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. గెలవడం, ఓడడం అంటూ లేవు. కథ సాగడమే ఆట. ఇలాంటి ఆటల్లో మొదటిదీ, ఇప్పటికీ పెద్దదీ డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని తయారుచేశారు. సూత్రధారుడూ వేషగాళ్ళూ ఉండి, ప్రేక్షకులు లేని వీధినాటకం అనుకోండి.

ఆ రాత్రి కథలోకి ఒక రాక్షసుడు వచ్చాడు. కథ నడిపే కుర్రవాడు 'రాక్షస' అనే మాటనే ఇంగ్లీషు యాసలో పలికాడు. పులి తల, పట్టు అంగీ, నోట్లో పొగగొట్టం. అరచేతులు మనకు లోపలికి ఉంటే వాడికి బయటికి ఉంటాయట. వినగా వినగా నాకు ఒక సందేహం కలిగింది. "ఒరే, వాడి పెళ్ళాం పేరేమిటి?" అన్నాను. అందరూ నవ్వారు. "రాక్షసుడికి పెళ్ళామేంది తాతా?" అన్నాడు మావాడు. "పోనీ, చెల్లెలు ఉందా?" అన్నాను. లేదు. తమ్ముడూ లేడు. తల్లి ఎవరో తెలియదు. వాడు పుట్టి పెరిగిన ఇల్లే లేదు. వాడికి ఉన్నదల్లా ఎన్ని దెబ్బలకు చస్తాడో చెప్పే ఒక అంకె.

ఆ తరువాత రెండు నెలలు మావాడి దగ్గరున్న పుస్తకాలు తెప్పించుకుని, అర్థం కాని చోట ఫోనులో అడిగి తెలుసుకుంటూ చదివాను. ఆటల పుస్తకాలకు సాహిత్య పత్రికలో చోటెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఇవి కథలు పుట్టించే పుస్తకాలు. మన ఇళ్ళలోని పిల్లలు ప్రబంధాలు చదవడం లేదు, వీటిని చదువుతున్నారు. ఆసియా దేశాల పురాణాలూ ఆచారాలూ వేషభాషలూ తీసుకుని ఎక్కడో ఒక రచయిత అల్లిన లోకంలో వారానికొక రాత్రి కాపురముంటున్నారు. ఆ లోకం ఎలా కట్టారో చూడడం విమర్శకుడి పనే అనుకుంటాను.

రాక్షసుడి పుట్టుక దగ్గర మొదలుపెడతాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ భూతాల పట్టిక 1977లో పుస్తకంగా వచ్చింది. పులితల బొమ్మ అందులోదే. మంత్రించిన బాణం తగిలితే వాడు వెంటనే చస్తాడని కూడా అందులో ఉంది. రామాయణంలో ఎక్కడా లేని ఈ నియమం ఎక్కడిదా అని చూస్తే, 1974 డిసెంబరులో అమెరికా టెలివిజన్‌లో కోల్‌చాక్ అనే విలేఖరి కథల వరుసలో వచ్చిన ఒక భాగం తేలింది. అందులో షికాగో నగరంలో ఒక రాక్షసుడు తిరుగుతుంటాడు. ఎవరి కంటికి వాడు ఆ మనిషి బాగా నమ్మే వ్యక్తిలా కనిపిస్తాడు. ఒక ముసలి హిందువు దగ్గరున్న మంత్రించిన బాణమే వాడికి మందు. అంటే మన రాక్షసుడు వాల్మీకి దగ్గర నుంచి నేరుగా ఆ పుస్తకంలోకి పోలేదు, టెలివిజన్ మీదుగా పోయాడు.

అయినా ఒక్క ముక్క నిజం ఆ దారిన చెడకుండా వెళ్ళింది. నమ్మినవాడి రూపంలో రావడం. రావణుడు సన్యాసిగా వచ్చాడు, మారీచుడు లేడిగా వచ్చాడు. కామరూపులన్న మాటకు అర్థం అదే. రాలిపోయిందల్లా తక్కినది. అన్నకు ఎదురుతిరిగి నీతి చెప్పిన విభీషణుడు, తప్పు నీదేనంటూనే అన్న కోసం చచ్చిన కుంభకర్ణుడు, ముక్కు పోగొట్టుకుని అన్న కొలువులో నిలబడి అరిచిన శూర్పణఖ, మొగుడి శవం మీద పడి ఏడ్చిన మండోదరి. రామాయణంలో రాక్షసులను చంపడం తేలిక కాదు. చంపిన తరువాత ఏడ్చేవాళ్ళుంటారు. మా హోసూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం ఆడేటప్పుడు దుర్యోధనుణ్ణి మట్టితో నేల మీద పెద్ద బొమ్మగా పోస్తారు. భీముడు తొడ విరగ్గొట్టడంతో ఆట అయిపోదు. గాంధారి వచ్చి ఏడవాలి. పగవాడికి కూడా ఒక తల్లిని చూపించకుండా మనవాళ్ళు కథ ముగించరు.

నేను ఈ పుస్తకాలను తూచడానికి పెట్టుకున్న రాయి ఇదే. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. మన ఆదికావ్యమే అరువు. తిక్కన కలంలో విరాటుడి కొలువు తెలుగు రాజు కొలువైపోయింది. అయితే తిక్కన ద్రౌపదిని తెచ్చేటప్పుడు ఆమె అయిదుగురు మొగుళ్ళనూ, అన్ననూ, అత్తనూ, మానాన్నీ కలిపి తెచ్చాడు. తెచ్చిన వస్తువు దాని చుట్టరికాలతో వచ్చిందా, ఒంటరిగా వచ్చిందా? ఒంటరిగా వస్తే అది వేషం.

ఈ రాయితో తూస్తే 1980లో వచ్చిన దేవతల పుస్తకం తేలిపోతుంది. అందులో ఇంద్రుడికీ అగ్నికీ కాళికీ అంకెలు వేశారు. ఒక్కొక్కరు ఎన్ని దెబ్బలు తట్టుకోగలరో లెక్కలతో సహా. భక్తుల మనసు నొచ్చుకునే సంగతి అలా ఉంచండి. గ్రీకు దేవతలకూ అదే మర్యాద జరిగింది కనుక నేను దాన్ని పెద్ద నేరంగా ఎంచను. విసుగు మాత్రం పుడుతుంది.

1985 నాటి ఓరియంటల్ అడ్వెంచర్స్ అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అట్ట మీద గైగాక్స్ పేరున్నా అందులో చాలా భాగం రాసింది డేవిడ్ కుక్. పేరులోనే తప్పుంది. 'ఓరియంట్' అని తూర్పునంతా ఒక సంచిలో వేశారు. లోపల చూస్తే ముప్పాతిక మూడొంతులు జపాన్. సమురాయ్‌లూ నింజాలూ యాకుజాలూ. ఆ తరువాత విస్తరించి రాసిన కారా-తూర్ అనే కల్పిత ఖండంలో వా అనీ కోర్యో అనీ దేశాలున్నాయి. వా అన్నది పాత చైనా గ్రంథాల్లో జపానుకున్న పేరు. కోర్యో ఒకప్పటి కొరియా రాజ్యం. కల్పిత లోకమంటూనే అట్లాసులో పేర్లు ఎత్తి పెట్టారన్నమాట. యూరప్ ఛాయలున్న లోకానికి మాత్రం ఇలా ఫ్రాన్స్ అనీ పోలండ్ అనీ పేరు పెట్టరు. దాన్ని మామూలుగా 'లోకం' అంటారు. తూర్పు మాత్రం ఒక ప్రత్యేక పుస్తకం. మద్రాసీ అంటే దక్షిణమంతా ఒకటేనని చెప్పే హిందీ సినిమాలు చూసి పెరిగిన మనకు ఈ రుచి కొత్తది కాదు.

అయితే ఒక మాట చెప్పక తప్పదు. చిత్రం ఏమిటంటే, నా రాయి మీద ఈ పుస్తకం నేననుకున్నదానికన్నా బరువు తూగింది. అందులో పాత్రను తయారుచేసుకునేటప్పుడు నీ కులమేమిటి, మీ ఇంటి పరువెంత, పూర్వీకులు ఏం ఘనకార్యాలు చేశారు, నీ వాటాకు ఏం వచ్చింది అని పాచిక వేసి తేల్చుకోవాలి. కత్తి పట్టడం ఒక్కటే కాక అందంగా అక్షరాలు దిద్దడం, తేనీటి మర్యాద, కవిత్వం చెప్పడం లాంటివి కూడా విద్యలుగా ఆ ఆట నియమాల్లోకి మొదటిసారి వచ్చింది ఈ పుస్తకంతోనే. యుద్ధం కాని విద్య కూడా విద్యేనని ఆ ఆటకు తూర్పు దేశాల ధర్మమా అని తెలిసింది. 2020లో ఆసియా సంతతి ఆటగాళ్ళు ఈ పుస్తకం మీద గట్టిగా ఆక్షేపణలు లేవదీశారు. ప్రచురణకర్తలు తమ పాత పుస్తకాలలో ఇప్పటి తమ విలువలకు సరిపడనివి ఉన్నాయని ఒక హెచ్చరిక తగిలించారు. ఆక్షేపణ న్యాయమైనదే. కానీ ఆ గొడవలో ఈ చిన్న సుగుణం ఎవరూ ఎత్తలేదేమని నాకు కొంచెం బాధ కలిగింది.

దాని అసలు లోపం వేరేచోట ఉంది. పరువును అందులో ఒక అంకె చేశారు. మంచి పని చేస్తే పెరుగుతుంది, చెడ్డ పని చేస్తే తరుగుతుంది. పరువు బ్యాంకు ఖాతాలో డబ్బు కాదు. నా పరువు నా దగ్గర ఉండదు. మా మేనమామ దగ్గర, ఎదురింటి అవ్వ దగ్గర, పెళ్ళిలో నన్ను ఏ వరుసలో కూర్చోబెట్టారన్న దాంట్లో ఉంటుంది. ఒకే పనికి ఒకరి దగ్గర పెరిగి మరొకరి దగ్గర తరుగుతుంది. చుట్టరికాన్ని తెచ్చి చివరికి దాన్ని ఒంటరివాడి జేబులో పెట్టారు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టిన పుస్తకం వీటన్నిటికంటే పాతది. 1975లో వచ్చిన ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్. రాసినాయన ఎం.ఎ.ఆర్. బార్కర్, మినెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా విభాగపు ఆచార్యుడు, భాషాశాస్త్రవేత్త. ఉర్దూ నేర్పడానికి 1967లో వచ్చిన పెద్ద పాఠ్యగ్రంథపు రచయితల్లో ఒకరు. యౌవనంలోనే ఇస్లాం స్వీకరించి పేరు కూడా మార్చుకున్నాడు. ఆయన కట్టిన లోకం పేరు టెకుమెల్. అందులో సమురాయ్‌లు లేరు, పులితలలు లేవు, అట్లాసు పేర్లు లేవు. భారతదేశం, అరబ్బు దేశాలు, మెక్సికోలోని పాత నాగరికతలు కరిగి కలిసిపోయి, ఇది ఫలానాది అని వేలు పెట్టి చూపలేని ఒక కొత్త పదార్థమైంది. అందులో వంశశాఖే మనిషికి ఇల్లూ పెట్టుబడీ న్యాయస్థానమూను. ఆయన ఆ లోకానికి ఒక భాషే తయారుచేశాడు. మన నువ్వు, మీరు, తమరు అనే మూడింటికి ఎన్నో రెట్ల 'నువ్వు'లు ఆ భాషలో ఉన్నాయి. ఎదుటివాడి అంతస్తునూ నీ అంతస్తునూ చూసుకుని తగినది ఏరుకోవాలి. తప్పు సర్వనామం వాడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆట మొదలు మరీ బాగుంటుంది. నీ పాత్ర ఆ సామ్రాజ్యపు మనిషి కాదు. జకాల్లా అనే రేవులో ఓడ దిగిన పరాయివాడు. పరదేశీయుల పేట దాటి అడుగు పెట్టకూడదు. మర్యాదలు తెలియవు, వెనక నిలబడే వంశం లేదు. మెల్లగా ఎవరినో ఆశ్రయించి, పలుకుబడి సంపాదించుకుని, ఒక ఇంటికి చెందినవాడివి కావాలి. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఎన్నో తరాల కింద ఎడ్లబండ్ల మీద ఈ నేలకు దిగిన మన పెద్దల కథ ఇంత సూటిగా ఒక ఆటల పుస్తకంలో ఎదురవుతుందని అనుకోలేదు. ఓరియంటల్ అడ్వెంచర్స్ రావడానికి పదేళ్ళ ముందే ఈయన ఇంత లోతు తవ్వాడు.

ఆ మాట మావాడితో ఫోనులో ఉత్సాహంగా చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "ఆయన సంగతి నీకు తెలీదా తాతా?" అన్నాడు.

బార్కర్ 2012లో చనిపోయాడు. 2022 మార్చిలో, ఆయన రచనలను కాపాడుతున్న టెకుమెల్ ఫౌండేషన్ వాళ్ళే ఒక ప్రకటన చేశారు. 1991లో మారుపేరుతో వచ్చిన సర్పెంట్స్ వాక్ అనే నవల ఆయనదేనని ఒప్పుకున్నారు. అది నాజీలను వీరులుగా నిలబెట్టే నవల. దాన్ని అచ్చువేసింది అమెరికాలోని నాజీ భావాల ప్రచురణ సంస్థ. అంతేకాదు, యూదుల సంహారం జరగనే లేదని వాదించే ఒక పత్రికకు ఆయన ఏళ్ళ తరబడి సలహామండలిలో ఉన్నాడు.

నా రాయి అక్కడ పగిలింది. చుట్టరికాలు తెచ్చినవాడు మంచి అరువరి అని కదా అన్నాను? ఈయనకన్నా ఎక్కువ తెచ్చినవాడు లేడు. ఉర్దూ వ్యాకరణం తెలుసు, మర్యాద తెలుసు, మన పిలుపుల్లోని ఎత్తుపల్లాలు తెలుసు. అన్నీ తెలిసి, మనుషుల్లో ఒక జాతినే భూమ్మీద నుంచి తుడిచిపెట్టినవాళ్ళను మెచ్చుకోగలిగాడు. మనుషులకు అంతస్తులుండడం ఆయనకు ఎందుకంత ఇష్టమైందో ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అనుమానం కలుగుతుంది. ఆ సర్వనామాల నిచ్చెన నాకు మా ఇంటి వసారాలా కనిపించింది. ఆయనకు నిచ్చెనగానే నచ్చిందేమో! ఇది నా ఊహే, రుజువు లేదు. ఒక రచయిత కల్పనలో కనిపించిన వాత్సల్యాన్ని అతని మనసుకు అంటగట్టే అలవాటు మన విమర్శకులకు చాలా ఉంది. నేనూ అదే చేశాను. టెకుమెల్ మంచి కల్పన అన్న మాట వెనక్కి తీసుకోను. మావాడు మాత్రం ఆ ఆట ఆడనన్నాడు. వాణ్ణి ఒప్పించే ప్రయత్నం నేను చేయలేదు.

ఇక కొత్తవాళ్ళు. ఈ ఆటను ఇప్పుడు ప్రచురించేవాళ్ళు 2021లో భయానక లోకాల పుస్తకం ఒకటి తెచ్చారు. అందులో కాలకేరి అనే దేశాన్ని రాసింది అజిత్ జార్జ్ అనే భారత సంతతి రచయిత. పేరు వినగానే మావాడి కన్నడ స్నేహితురాలు నవ్వింది. కేరి అంటే కన్నడంలో వీధి, పేట. ధార్వాడ వైపు ఆ పేరుతో నిజంగా ఒక ఊరుంది. ఈ అజిత్ జార్జ్ మనకు మరీ దూరపువాడు కాడు. హోసూరు దగ్గర పేదపిల్లల కోసం ఆయన తండ్రి అబ్రహాం జార్జ్ 1997లో పెట్టిన శాంతిభవన్ బడి నిర్వహణలో ఆయన ఏళ్ళ తరబడి పనిచేశాడు. మా ఊరి గాలి పీల్చినవాడని అభిమానంతో చదివానేమో, మీరే చూసుకోండి.

1993లో ఇదే ఆటలో శ్రీరాజి అనే దేశం ఉండేది. భారతదేశపు అడవులూ గుళ్ళూ కలిపి చేసిన దేశం. దానికి ప్రభువు అరిజాని అనే పులితల రాక్షసుడు. అజిత్ జార్జ్ ఆ శ్రీరాజినే తీసుకుని కాలకేరిగా తిరగరాశాడు. అరిజానిని తీసేయలేదు. వాడికి తోబుట్టువులను ఇచ్చాడు. రమ్య అనే రాణి, రీవా అనే మరో ఆడబిడ్డ, అరిజాని; ఒకే తండ్రి పిల్లలు, ఒకే సింహాసనం. రాక్షసత్వం ఇప్పుడు తలలో లేదు, దాయాదుల పోరులో ఉంది. దేశంలో ప్రతి మనిషీ ఆ ముగ్గురిలో ఎవరి పక్షమో తేల్చుకోవాలి. నలభై నాలుగేళ్ళకు ఆ పులితల వాడికి చెల్లెళ్ళో అక్కలో దొరికారు!

అక్కలో చెల్లెళ్ళో అని ఊరికే అనలేదు. మావాడు కథ చెబుతూ 'బ్రదర్' అన్నాడు. "అన్నా, తమ్ముడా?" అన్నాను. ఇంగ్లీషు వాక్యం ఆ సంగతి తేలకుండానే దర్జాగా నడిచిపోతుంది. తెలుగు వాక్యం నడవదు. అన్నను దాటి చెల్లెలికి పట్టం కడితే వచ్చే పగ ఒకటి. అక్క రాణి అయిందని తమ్ముడు కత్తి తీస్తే వచ్చే పగ మరొకటి. వాళ్ళ బల్ల దగ్గర కాసేపు వాదులాడుకుని 'అన్న' అని నిర్ణయించారు. ఆ నిర్ణయంతో అరిజాని కొంచెం జాలి పుట్టించేవాడయ్యాడని వాళ్ళే ఒప్పుకున్నారు.

2022లో ఇదే అజిత్ జార్జ్, ఎఫ్. వెస్లీ ష్నైడర్ అనే ఆయనతో కలిసి, తెల్లజాతివారు కాని రచయితలచేత పదమూడు కథలు రాయించి జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ అనే సంపుటం తెచ్చాడు. థాయిలాండు, కొరియా, చైనా, ఫిలిప్పీన్స్, మెక్సికో ఛాయలున్న దేశాలు, ఆయా మూలాలున్నవాళ్ళే రాసినవి. వంగదేశపు ఛాయలున్న శంఖభూమిని రాసింది మిమీ మొండల్. హ్యూగో పురస్కారానికి 2018లో నామకరణం పొందిన బెంగాలీ రచయిత్రి, తాను దళిత స్త్రీనని దాచుకోకుండా చెప్పుకునే మనిషి. నదులే అందులో దారులు, నదులే దేవతలు. నదీదేవతకు కోపం వస్తే దాన్ని అంకెలతో చంపడం కన్నా ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం ముఖ్యమవుతుంది. ప్రతి కథ పక్కనా పేర్లు ఎలా పలకాలో రాశారు. చిన్న పనే. కానీ పాతికేళ్ళు పరాయి బడి హాజరుపట్టీలో నా పేరు మూడు రకాలుగా వినబడిన నాకు అది చిన్నదిగా కనిపించలేదు.

ఈ దేశాలన్నిటినీ కలిపే చోటు ఆ సిటడెల్ అనే నగరం. పూర్వం ఇరవై ఏడు నాగరికతలు కలిసి కట్టుకున్నదట. మూలదేశాలకు దూరంగా తరతరాలుగా అక్కడే ఉండిపోయిన జనం. నిరాశ్రయులెవరు వచ్చినా చేర్చుకుంటారు. ఒక్కొక్క జాతికీ ఒక మణిరూపంలో పూర్వీకుల ఆత్మ, సభలో ఒక ప్రతినిధి. మనలాంటి వాళ్ళు చదివితే కళ్ళు చెమర్చే ఏర్పాటు. నాకూ చెమర్చాయి. తరువాత కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

ప్రతి జాతికీ ఒక మణి, ఒక ప్రతినిధి. సరే, హోసూరువాడు ఏ మణి దగ్గర నిలబడాలి? ఇంట్లో తెలుగు, ఆఫీసులో అరవం, సంతలో కన్నడం, పక్కింటి సాయబుతో దక్కని ఉర్దూ. ఆ తెలుగులోనూ సగం మాటలు మీ గుంటూరువాళ్ళకు అర్థం కావు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మేము గీతకు ఇవతలే ఉండిపోయాం. 2006లో తమిళ బోధన చట్టం వచ్చాక బడిలో తెలుగు వెనక్కి పోయింది. మావాడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు; ఈ వ్యాసం అచ్చయ్యాక నేనే వాడికి చదివి వినిపించాలి. ఇలాంటి వాణ్ణి పెట్టడానికి ఆ నగరంలో గూడు లేదు. 1985లో తూర్పునంతా ఒక సంచిలో వేశారు. 2022లో ఇరవై ఏడు సంచులు కుట్టారు. ఈ సంచులు శుభ్రంగా ఉన్నాయి, లోపలివాళ్ళే కుట్టుకున్నారు, పేరు సరిగ్గా రాశారు. అయినా ఒక దేశం, ఒక సంస్కృతి, ఒక రంగు అన్న లెక్క మారలేదు. అందులో అందరూ మరీ మర్యాదస్తులు కూడా. మా వీధి కొళాయి దగ్గర అంత మర్యాద నేనెన్నడూ చూడలేదు.

కలగలుపును కథలో పట్టడం చేతకాని పని కాదు. తంజావూరును ఏలిన మరాఠా రాజు శాహజీ పదిహేడో శతాబ్దం చివరా పద్దెనిమిదో శతాబ్దం మొదటా తెలుగులో యక్షగానాలు రాశాడు. ఆయన పేర ఉన్న పంచభాషావిలాసంలో అయిదు భాషలు ఒకే రంగస్థలం మీద మాట్లాడతాయి. ఎవరి భాష వారు వదలరు, కథ ఆగదు. మరాఠా రాజు, అరవనేల, తెలుగు నాటకం. ఈ ముగ్గురికీ వేర్వేరు మణులు ఇచ్చి వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ఉంటే ఆ నాటకం పుట్టేదే కాదు.

ఇదంతా మావాడితో అన్నాను. వాడు ఊరుకోక, నువ్వు చెప్పినట్టే ఒక ఊరు కడతానన్నాడు. సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి కథ నడిపేది వాడే. మూడు దేశాల గీత మీద ఒక సంత ఊరు. పేరు పెట్టలేదు, ఒక్కొక్క భాషవాళ్ళు ఒక్కొక్క పేరుతో పిలుస్తారట. ఆరుగురు వీరులు కత్తులూ మంత్రదండాలూ పట్టుకుని సందెవేళ ఊళ్ళోకి వచ్చి, మొదటి ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మను మంచినీళ్ళు అడిగారు. ఆ ముసలమ్మ గొంతు మావాడు మా అక్క గొంతులోనే అన్నాడు: "నీళ్ళు ఇస్తా గానీ, మీరు ఎవురింటోళ్ళప్పా?"

మంత్రగాడి పాత్ర వేసిన అరవ కుర్రవాడు పాచిక తీసి వేయబోయాడు. దీనికి పాచిక లేదన్నాడు మావాడు. కన్నడ అమ్మాయి తన పాత్ర పుట్టిన ఊరు చెప్పింది. "ఊరు కాదమ్మా, ఇల్లు" అంది ముసలమ్మ. అరగంట దాటింది. టీలు చల్లారాయి. చివరకు కత్తివీరుడు గత్యంతరం లేక తనకొక మేనమామను కల్పించుకున్నాడు. ముసలమ్మ వెంటనే ఆ మేనమామ భార్య ఎవరి కూతురని అడిగింది.